ఆన్‌లైన్ దూరవిద్యలో సహిత విద్యా సహాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చదువుకునే పిల్లల్లో వైకల్యం గాని, అభ్యసన ఇబ్బంది గాని ఉన్నవారి తల్లిదండ్రులు దాదాపు ఒకే సందేహాలను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఆ ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి, చదువు సాగే దశల వారీగా ఇక్కడ చేర్చాము. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా ఉంటుంది.

## చేరడానికి ముందు

సహిత విద్య అంటే ప్రత్యేక పాఠశాలేనా? ఇంట్లో కూర్చుని చదివేవారికి ఆ మాట ఎలా వర్తిస్తుంది?

రెండూ వేరు. ప్రత్యేక పాఠశాలలో వైకల్యం ఉన్న పిల్లలు విడిగా చదువుకుంటారు. సహిత విద్యలో వారు అందరితో కలిసి, అదే తరగతిలో, తమకు అవసరమైన ఏర్పాట్లతో చదువుకుంటారు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో జరిగిన ప్రపంచ సమావేశం ఈ భావనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది. 2006లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, 24వ అధికరణంలో, దానిని హక్కుగా పేర్కొంది. దూరవిద్యలో మెట్లు, గుమ్మాలు లేవు కాబట్టి ఆటంకాలు కూడా లేవని కొందరు అనుకుంటారు. కానీ చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి మెట్లు ఎంత ఆటంకమో, చూపు లేని విద్యార్థికి చదవడానికి వీలులేని ఫైలు అంతే ఆటంకం. హాజరు పట్టీలో పేరు ఉన్నంత మాత్రాన విద్యార్థి తరగతిలో ఉన్నట్లు కాదు.

మా పాపకు వైద్య ధ్రువపత్రం ఇంకా రాలేదు. అది లేకుండా సహాయం అడగవచ్చా?

అడగవచ్చు. పాఠాన్ని ముందుగా పంపడం, అక్షరాలను పెద్దవి చేయడం, జవాబును నోటితో చెప్పనివ్వడం వంటివి ఉపాధ్యాయుల చేతిలో ఉన్న పనులు; వాటికి ధ్రువపత్రం అవసరం లేదు. పబ్లిక్ పరీక్షలలో అదనపు సమయం, లేఖకుడి (విద్యార్థి చెప్పిన జవాబును రాసే వ్యక్తి) సహాయం వంటి వాటికి మాత్రం పరీక్ష నిర్వహించే సంస్థ సాధారణంగా పత్రాలు కోరుతుంది. నిపుణుల పరీక్షకు తేదీ దొరకడానికే నెలలు పట్టవచ్చు కాబట్టి, పరీక్షల సంవత్సరం వచ్చేదాకా ఆగకుండా ఆ ప్రయత్నాన్ని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

ఆన్‌లైన్ బడిని ఎంచుకునే ముందు ఏమేమి పరిశీలించాలి?

‘మీరు సహిత విద్యను పాటిస్తారా?’ అని అడిగితే ప్రతి బడీ అవుననే చెబుతుంది. అందువల్ల మాటలు కాకుండా పాఠాలు చూపించమని అడగండి. ఏదైనా ఒక వారానికి సంబంధించిన పాఠాలు, అభ్యాసపత్రాలు, రికార్డు చేసిన తరగతులు చూడటానికి అనుమతి తీసుకుని, చిన్న పరీక్షలు చేయండి. మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కీతో పాఠం తెరిచి, ప్రశ్నకు జవాబిచ్చి, పంపగలుగుతున్నారో లేదో చూడండి. పేజీని రెండింతలు పెద్దది చేసినప్పుడు వాక్యాలు తెర దాటి పోతున్నాయేమో గమనించండి. శబ్దం పూర్తిగా ఆపివేసి వీడియో చూడండి. తరువాత కళ్ళు మూసుకుని అదే వీడియో వినండి. ‘ఇక్కడున్న దానిని అక్కడికి తీసుకువెళితే ఇది వస్తుంది’ అని బోధించే వీడియో కళ్ళు మూసుకున్నవారికి ఏమీ చెప్పదు.

సహాయానికి బాధ్యత వహించే వ్యక్తి ఎవరో పేరుతో సహా అడగండి. ‘అందరం చూసుకుంటాము’ అన్నారంటే ఎవరూ చూసుకోరనే అర్థం.

వైకల్యం గురించి ముందే చెబితే సీటు ఇవ్వరేమోనని భయంగా ఉంది. దాచిపెట్టవచ్చా?

ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే వైకల్యం కారణంగా ప్రవేశం నిరాకరించడాన్ని అనేక దేశాల చట్టాలు నిషేధిస్తున్నాయి. దాచినందువల్ల కలిగే నష్టం కూడా చిన్నది కాదు: మొదటి నెలలు ఏ ఏర్పాటూ లేకుండా గడిచిపోతాయి, ఆ కాలంలో వెనుకబడిన చదువును ‘శ్రద్ధ లేకపోవడం’గా నమోదు చేస్తారు. మధ్యేమార్గం ఒకటుంది. వైద్య చరిత్ర అంతా చెప్పనవసరం లేదు, చదువుకు ఏమి కావాలో అది చెప్పండి. ‘పెద్ద అక్షరాలలో పాఠం కావాలి’ అనడం సరిపోయే చోట కంటి జబ్బు వివరాలు ఇవ్వనక్కరలేదు.

ఖరీదైన పరికరాలు కొనాలా?

చాలామందికి అవసరం రాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఆపిల్ పరికరాలలో వాయిస్‌ఓవర్, విండోస్‌లో నేరేటర్ అనే స్క్రీన్ రీడర్లు, అంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు, ముందుగానే ఉంటాయి. విండోస్‌లో వాడే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. అక్షరాలను పెద్దవి చేయడం, రంగులను తిరగవేయడం, మాటను అక్షరంగా మార్చడం వంటివి దాదాపు అన్ని పరికరాలలోనూ ఉన్నాయి. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు మంచి హెడ్‌ఫోన్, విడి కీబోర్డు, పాదాలు నేలకు ఆనే కుర్చీ కొనండి. బ్రెయిలీ డిస్‌ప్లే (తెరమీది అక్షరాలను వేళ్ళతో తాకి చదివే చుక్కలుగా చూపే పరికరం), కంటి కదలికతో నడిచే పరికరం వంటి ఖరీదైనవాటిని కొనే ముందు నిపుణుల సమక్షంలో కొన్నాళ్ళు వాడి చూడాలి.

## మొదటి నెల

సహాయం కావాలని బడికి ఎలా రాయాలి?

జబ్బు పేరుతో కాక, ఆటంకం పేరుతో రాయండి. అన్ని సలహాలలోనూ దీనినే ఎక్కువ గట్టిగా చెబుతాము. ‘మా బాబుకు డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో, రాయడంలో ఇబ్బంది) ఉంది, దయచేసి సహకరించండి’ అని రాస్తే చదివిన ఉపాధ్యాయురాలికి జాలి కలుగుతుందే తప్ప రేపు ఏమి చేయాలో తెలియదు. ‘తెరమీద పది నిమిషాలే ఉండే పాఠ్యాన్ని మా బాబు పూర్తిగా చదవలేకపోతున్నాడు, ముందురోజు సాయంత్రం పంపితే చదివించే సాఫ్ట్‌వేర్‌తో విని సిద్ధంగా వస్తాడు’ అని రాస్తే ఆమెకు చేయవలసిన పని స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే పేరుగల వైకల్యం ఇద్దరు పిల్లల్లో ఒకే రకంగా ఉండదు కాబట్టి పేరు చెప్పినంత మాత్రాన అవసరం తెలిసిపోదు.

ఒక వారం పాటు గమనించి, ఏ విషయంలో, ఏ పని దగ్గర, ఎంతసేపటికి పిల్లలు ఆగిపోతున్నారో రాసుకోండి. ఆ గమనికల నుంచి రెండు మూడు కోరికలను మాత్రమే ఎంచి మెయిల్‌లో పంపండి. పదిహేను కోరికల జాబితా పంపితే వాటిలో సులువైనవి జరుగుతాయి, ముఖ్యమైనవి మిగిలిపోతాయి. ఫోన్‌లో మాట్లాడినా సరే, మాట్లాడిన సంగతిని అదే రోజు రాతపూర్వకంగా పంపి ఉంచండి.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటే ఏమిటి? దానిలో ఏముండాలి?

ఒక విద్యార్థి ఇప్పుడు ఏమి చేయగలుగుతున్నాడు, ఈ విడతలో ఏమి నేర్చుకోవాలి, అందుకు ఎవరు ఏమి చేయాలి అని బడి, తల్లిదండ్రులు, వీలైతే విద్యార్థి కలిసి రాసుకునే పత్రం అది. లక్ష్యాలు కొలవదగినవిగా ఉండాలి. ‘గణితంలో మెరుగుపడాలి’ అనేది లక్ష్యం కాదు. ‘భిన్నాల కూడికలో పదింట ఎనిమిది లెక్కలను ఎవరి సాయం లేకుండా చేయాలి’ అనేది లక్ష్యం. ఆన్‌లైన్ చదువుకు ప్రత్యేకంగా ఇంకొన్ని చేర్చాలి: ప్రత్యక్ష తరగతులు ఎన్ని, రికార్డు చూసి నేర్చుకునేవి ఎన్ని, సాంకేతిక ఇబ్బంది వస్తే ఎవరిని సంప్రదించాలి, ఇంట్లో పెద్దవారు చేసే సహాయం ఎంతవరకు. ప్రణాళికను తిరిగి పరిశీలించే తేదీ లేకపోతే అది దస్త్రంలోనే ఉండిపోతుంది.

‘పాఠం తగ్గిస్తాము’ అని బడివారు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

తొందరపడి ఒప్పుకోవద్దు. నేర్చుకునే దారిని మార్చడం ఒకటి, నేర్చుకోవలసినదాన్ని తగ్గించడం వేరొకటి. ప్రశ్నపత్రాన్ని వినిపించడం, సమయం పెంచడం, రాతకు బదులు మాట అనుమతించడం మొదటి రకం. వీటిలో చదువు స్థాయి మారదు. పాఠాలు తొలగించడం, కింది తరగతి లెక్కలు ఇవ్వడం రెండవ రకం. మేధో వైకల్యం ఉన్న కొందరికి ఈ రెండవ రకం నిజంగా అవసరమవుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు. అయితే దానివల్ల తరువాతి పరీక్షల అర్హత మారవచ్చు. మొదటి రకం ఏర్పాట్లన్నీ ప్రయత్నించారా, తగ్గించిన పాఠాలతో ఏ ధ్రువపత్రం వస్తుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు తీసుకున్న తరువాతే నిర్ణయించండి.

## రోజువారీ తరగతులు

మా అబ్బాయి స్క్రీన్ రీడర్ వాడతాడు. బడి పంపే పీడీఎఫ్‌లను అది చదవడం లేదు. తప్పు ఎక్కడుంది?

ఎక్కువసార్లు తప్పు ఫైలులో ఉంటుంది. పుస్తకం పేజీలను ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చితే కంటికి అక్షరాలు కనిపిస్తాయి కాని, స్క్రీన్ రీడర్‌కు అది ఒక బొమ్మ మాత్రమే. పరీక్షించడం సులువు: మౌస్‌తో ఒక వాక్యాన్ని ఎంపిక చేసి చూడండి. ఎంపిక కాకపోతే అది బొమ్మే. తెలుగు పాఠాలలో మరో చిక్కు ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ రాకముందు వాడుకలో ఉన్న అచ్చు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్ళు తెరమీద చక్కటి తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి వేరే అక్షర సంకేతాలు కాబట్టి స్క్రీన్ రీడర్ అర్థంలేని శబ్దాలు చదువుతుంది. ఒక పదాన్ని కాపీ చేసి మెయిల్‌లో అతికించినప్పుడు తెలుగు అక్షరాలు రాకపోతే కారణం ఇదేనని గుర్తించవచ్చు.

బడిని కోరవలసింది పీడీఎఫ్ కన్నా ముందు తయారైన అసలు వర్డ్ ఫైలు, లేదా ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) ప్రతి. అందులో శీర్షికలు శీర్షికలుగా గుర్తించి ఉండాలి, బొమ్మలకు వర్ణన ఉండాలి. గణిత సూత్రాలను బొమ్మలుగా కాక, కంప్యూటర్ చదవగల పాఠ్యంగా రాసే మ్యాథ్ఎంఎల్ పద్ధతిలో ఇస్తే స్క్రీన్ రీడర్లు వాటిని చదవగలవు. పుస్తకాన్ని మార్చడానికి ప్రచురణ హక్కులు అడ్డువస్తాయని బడి చెబితే, అచ్చు పుస్తకం చదవలేని వారి కోసం 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని గుర్తుచేయండి. అందులో చేరిన దేశాలు, ఇలాంటి పాఠకుల కోసం చదవడానికి వీలైన ప్రతులు తయారుచేసేందుకు తమ చట్టాలలో మినహాయింపు ఇవ్వాలి.

మా అమ్మాయికి వినపడదు. ఆటోమేటిక్ క్యాప్షన్లు ఉన్నాయి కదా, అవి చాలవా?

చాలవు. యంత్రం రాసే క్యాప్షన్లు (మాటలను తెరమీద అక్షరాలుగా చూపే పంక్తులు) సంభాషణను సుమారుగా పట్టుకుంటాయి కాని, వ్యక్తుల పేర్లు, శాస్త్ర పదాలు, అంకెల దగ్గర తప్పుతాయి. పాఠంలో ముఖ్యమైనవి సరిగ్గా అవే. రికార్డు చేసిన పాఠాల క్యాప్షన్లను మనిషి సరిదిద్దాలి. ప్రత్యక్ష తరగతికి ముందు కొత్త పదాల జాబితా పంపితే విద్యార్థినికి చాలా భారం తగ్గుతుంది.

సైగల భాషే మొదటి భాషగా పెరిగిన పిల్లలకు క్యాప్షన్ చదవడమంటే రెండవ భాషలో పాఠం వినడం లాంటిది; వారికి సైగల భాషా అనువాదకులు కావాలి. అనువాదకుల వీడియో ఎప్పుడూ తెరమీద కదలకుండా ఉండేలా పిన్ చేసుకోవాలి. పెదవుల కదలిక కనిపించేలా ఉపాధ్యాయుల ముఖంపై ముందునుంచి వెలుతురు పడాలి. ఒకరి తరువాత ఒకరు, పేరు చెప్పి మాట్లాడటం మొత్తం తరగతికి నియమంగా పెట్టాలి. అలా పెట్టిన తరగతులలో వినపడే పిల్లలకు కూడా పాఠం బాగా అందుతుంది.

అక్షరాలు తారుమారు చేస్తాడు, ఒత్తులు వదిలేస్తాడు. డిస్లెక్సియా ఫాంటు పెడితే తగ్గుతుందా?

ఫాంటు మార్చినంత మాత్రాన చదివే వేగం పెరుగుతుందనడానికి పరిశోధనల మద్దతు లేదు. అక్షరాల మధ్య, పంక్తుల మధ్య ఖాళీ పెంచడం కొంత మేలు చేస్తుంది. పైన గుణింతం, కింద ఒత్తు చేరి తెలుగు పంక్తులు నిలువునా ఇరుకుగా ఉంటాయి కాబట్టి పంక్తుల మధ్య దూరం మరింత అవసరం. వింటూ చదవడం, ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని క్రమపద్ధతిలో నేర్పించడం అసలైన సహాయం.

పది నిమిషాలకు మించి తెర ముందు కూర్చోడు. ఆన్‌లైన్ చదువు వీడికి పనికిరాదా?

పనికిరానిది గంటసేపు కదలకుండా వినిపించే పాఠం. అవధాన లోపం (ఒకే పనిపై మనసు నిలపలేకపోవడం) ఉన్న పిల్లలకు రికార్డు పాఠం ఒక రకంగా వరమే, ఎందుకంటే దానిని ఎక్కడైనా ఆపవచ్చు. పాఠాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క తరువాత చేతితో చేసే పని ఒకటి పెట్టండి. ఒక సమయంలో తెరమీద ఒకే కిటికీ తెరిచి ఉంచండి. నిలబడి, నడుస్తూ వినడాన్ని బడి అనుమతించాలి. కుర్చీలో కూర్చోవడం నేర్చుకోవడానికి కొలమానం కాదు.

కెమెరా ఆన్ చేయకపోతే హాజరు వేయడం లేదు. మా పిల్లవాడికి ఆటిజం ఉంది.

చాలామంది ఆటిజం ఉన్న పిల్లలకు తమ ముఖాన్ని తామే చూసుకుంటూ ముప్పై ముఖాల మధ్య ఉండటం తట్టుకోలేని భారం. హాజరును నిరూపించడానికి చాట్‌లో జవాబు, మధ్యలో చిన్న ప్రశ్న, పంపిన అభ్యాసపత్రం వంటి మార్గాలు ఉన్నాయి; వాటిలో ఒకదానిని రాతపూర్వకంగా కోరండి. కాలపట్టిక మారితే ముందురోజే చెప్పమనండి. చివరి నిమిషంలో మారిన లింకు మనకు చిన్న విసుగు, ఆ పిల్లవాడికి రోజంతా చెడిపోవడం కావచ్చు.

చేతులు సరిగా కదలవు, మౌస్ పట్టుకోలేడు.

అన్ని పనులూ కీబోర్డుతో జరిగే వేదిక ఉంటే చాలావరకు దారి దొరుకుతుంది. రెండు కీలు కలిపి నొక్కవలసిన చోట స్టికీ కీస్ అనే సదుపాయం వాటిని ఒకదాని తరువాత ఒకటి నొక్కనిస్తుంది. ఒకే బటన్‌తో పరికరమంతా నడిపే స్విచ్ సదుపాయం ఫోన్లలో కూడా ఉంది. బొమ్మలను లాగి జతచేసే అభ్యాసాలకు బదులుగా ఎంపిక చేసే ప్రశ్నలు ఇవ్వమని అడగండి.

పక్కన కూర్చుని నేను ఎంతవరకు సహాయం చేయాలి?

తల్లిదండ్రులు చాలా ఆలస్యంగా అడిగే ప్రశ్న ఇది. దూరవిద్యలో ఉపాధ్యాయులకు ఇంట్లో జరిగేది కనిపించదు కాబట్టి, తల్లి మెల్లగా చదివి చెప్పేవారి నుంచి జవాబు అందించేవారిగా, అక్కడి నుంచి జవాబు రాసేవారిగా మారిపోవడం ఎవరికీ తెలియకుండానే జరుగుతుంది. బడికి అందే అభ్యాసపత్రాలు బాగుంటాయి, సహాయం అవసరం లేదని బడి భావిస్తుంది, పరీక్ష వచ్చాక అసలు సంగతి బయటపడుతుంది.

ఒక హద్దు పెట్టుకోండి: పరికరం పని మీది, పాఠం పని పిల్లలది. లాగిన్ చేయడం, పుస్తకం పేజీ తిప్పడం, ప్రశ్నను చదివి వినిపించడం మీరు చేయవచ్చు. జవాబు ఆలోచించవలసింది విద్యార్థి. ప్రశ్న అడిగిన తరువాత మనసులో పది లెక్కపెట్టి ఆగండి. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలకు ఆ కాస్త వ్యవధే తేడా చూపిస్తుంది. ఎక్కడెక్కడ సాయం చేశారో అభ్యాసపత్రం అంచున రాసి పంపండి. తప్పులతో వెళ్ళిన పేజీ చూస్తేనే ఉపాధ్యాయులకు ఏమి నేర్పాలో తెలుస్తుంది.

నెట్ వేగం తక్కువ. వీడియో ఆపేస్తే సరిపోతుందా?

సాధారణంగా వీడియో ఆపి మాట మాత్రం వినడం మంచి ఉపాయం. సైగల భాషతో నేర్చుకునేవారికి మాత్రం ఇది విరుద్ధంగా పనిచేస్తుంది, వీడియో ఆగితే వారికి పాఠమే ఆగిపోతుంది. వారి కోసం అనువాదకుల వీడియోను మాత్రమే ఉంచి మిగిలినవన్నీ ఆపించాలి, రికార్డును తరువాత దింపుకునే వీలు కల్పించాలి.

స్నేహితులు లేకుండా ఒంటరి అయిపోతుందేమో?

కావచ్చు, దీనికి సాఫ్ట్‌వేర్ పరిష్కారం లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లల స్థిరమైన చిన్న బృందంలో ఉంచమని, ప్రతి వారం బృందాన్ని మార్చవద్దని బడిని కోరండి. ఇంటికి దగ్గరలో తోటివారితో కలిసి చేసే పని ఏదైనా వారానికి ఒకసారి ఉండాలి.

## పరీక్షలు

అదనపు సమయం, లేఖకుడు ఎప్పుడు అడగాలి?

విద్యా సంవత్సరం మొదట్లోనే అడగాలి. పరీక్ష నిర్వహించే సంస్థకు దరఖాస్తు గడువు ఉంటుంది, అది తరచుగా పరీక్షకు చాలా ముందే ముగుస్తుంది. మరో విషయం, ఏడాది పొడవునా వాడని ఏర్పాటు పరీక్ష రోజు ఉపయోగపడదు. లేఖకుడికి జవాబు చెప్పి రాయించడం ఒక నైపుణ్యం. విరామచిహ్నాలు, లెక్కలోని మెట్లు, బొమ్మ గీయించడం వంటివన్నీ అభ్యాసం చేయాలి. అదనపు సమయం కూడా అందరికీ మేలు చేయదు. త్వరగా అలసిపోయేవారికి ఎక్కువసేపు కూర్చోబెట్టడం కన్నా మధ్యలో విరామాలు ఇవ్వడమే మెరుగు.

పరీక్షలో కెమెరా నిఘా సాఫ్ట్‌వేర్ మా పిల్లవాడిని అనుమానిస్తోంది.

చూపు పక్కకు పోవడం, శరీరం ఊగడం, పెదవులు కదపడం, ఇంకొక మనిషి గదిలో ఉండటం వంటివాటిని ఈ సాఫ్ట్‌వేర్ అనుమానాస్పదంగా గుర్తిస్తుంది. చూపు సమస్య, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల శరీర కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్నవారిలో ఇవన్నీ సహజం. కొన్నిచోట్ల ఇది స్క్రీన్ రీడర్‌ను కూడా అడ్డుకుంటుంది. పరీక్షకు ముందే ఒక నమూనా పరీక్ష రాయించి, వచ్చిన హెచ్చరికలను బడికి పంపి, మనిషి పర్యవేక్షణ గాని, మౌఖిక పరీక్ష గాని కోరండి.

మాటతో టైపు చేయడం మోసం కాదా?

పరీక్షిస్తున్నది అక్షర దోషాలనైతే అవును, చరిత్రనైతే కాదు. ప్రతి పరీక్షకూ ‘ఇక్కడ కొలుస్తున్నది ఏమిటి’ అని అడిగితే అనుమతించవలసినది, అనుమతించకూడనిది తేలిపోతుంది.

## ఇబ్బంది ఎదురైనప్పుడు

బడి ఒప్పుకుంది కాని అమలు చేయడం లేదు. ఏమి చేయాలి?

తేదీలతో సహా రాసిపెట్టుకోండి: ఏ రోజు, ఏ తరగతిలో, ఏ ఏర్పాటు లేదు, దానివల్ల ఏ పని ఆగింది. ముందు సంబంధిత ఉపాధ్యాయులకు రాయండి, ఎందుకంటే ఎక్కువసార్లు కారణం నిర్లక్ష్యం కాక, ప్రణాళిక వారి దాకా చేరకపోవడమే. జవాబు రాకపోతే సహాయ బాధ్యుడికి, తరువాత యాజమాన్యానికి, ఆపైన మీ ప్రాంతపు విద్యాశాఖకు లేదా వికలాంగుల హక్కులను చూసే అధికారికి ఆ నమోదులతో సహా ఫిర్యాదు చేయండి.

స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ కూడా ఆన్‌లైన్‌లో జరుగుతాయా?

మాటకు సంబంధించిన శిక్షణ చాలామందికి తెరమీద సాగుతుంది. చేతితో తాకి చేయించవలసిన వ్యాయామాలకు నిపుణులు ఇంట్లోని పెద్దవారికి నేర్పి, వారు చేస్తుండగా గమనిస్తారు. మింగడంలో ఇబ్బంది, కొత్తగా వచ్చిన నొప్పి, మూర్ఛలు ఉంటే నేరుగా వైద్యుడి వద్దకు వెళ్ళాలి.

వచ్చే ఏడాది వేరే బడికి మారుతున్నాము. ఏమి వెంట తీసుకువెళ్ళాలి?

ప్రస్తుత వ్యక్తిగత విద్యా ప్రణాళిక, పరీక్షలలో ఇచ్చిన ఏర్పాట్ల ఉత్తర్వులు, ఎవరి సాయం లేకుండా విద్యార్థి చేసిన రెండు మూడు అభ్యాసపత్రాలు తీసుకోండి. పాత బడి వేదికలోని ఖాతా మూతపడకముందే అన్నింటినీ దింపుకోండి. మూతపడ్డాక ఆ ఫైళ్ళు తిరిగి రాబట్టడం చాలా కష్టం. వీటికి తోడు, విద్యార్థి స్వయంగా చెప్పిన అరపేజీ కూడా చేర్చండి: నాకు ఏది సులువు, ఏది కష్టం, నేను ఆగిపోయినప్పుడు ఏమి చేస్తే బాగుంటుంది.